పంజరాల పట్టువిడుపులు

ఆర్థోఫార్మేట్లనే కర్బన పదార్థాలు కొన్ని ఉన్నాయి. ఆమ్లం తగిలితే ఇవి ఇట్టే విరిగిపోతాయి. క్షారంలో వేస్తే ఉలకవు, పలకవు. రసాయన శాస్త్ర పాఠాల్లో ఇది ఎన్నడో స్థిరపడిపోయిన సంగతి. అమెరికాలోని బర్క్‌లీలో పనిచేస్తున్న మైఖేల్ ప్లూత్, రాబర్ట్ బెర్గ్‌మన్, కెన్నెత్ రేమండ్ 2007లో ఆ పాఠానికి అడ్డం తిరిగే ఫలితం ఒకటి ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. వాళ్లు వాడిన ద్రావణం పీహెచ్ 11. బట్టల సోడా కలిపిన నీళ్లు ఇంచుమించు ఆ స్థాయిలో ఉంటాయి. ఆ క్షారంలో ఆర్థోఫార్మేట్ వేసి, దాని అణువులు నూటికి ఒకటి చొప్పున మరో పదార్థం కలిపారు. ఆర్థోఫార్మేట్ విరగడం మొదలైంది. వేగం 890 రెట్ల దాకా పెరిగింది. విరిగిన తీరు చూస్తే అచ్చం ఆమ్లం చేసే పనే. ఆ ద్రావణంలో ఆమ్లమన్నది మాత్రం ఎక్కడా లేదు.

వాళ్లు కలిపిన పదార్థంలో ఒక్కో అణువూ ఒక్కో పంజరం. నాలుగు మూలల్లో నాలుగు గాలియం అయాన్లు, మూలకూ మూలకూ మధ్య ఒకటి చొప్పున ఆరు కర్బన కడ్డీలు, నడుమ ఖాళీ. ఆ ఖాళీ పది పదిహేను నీటి అణువులు పట్టేంత. కడ్డీల మీద గానీ మూలల్లో గానీ ఆర్థోఫార్మేట్‌ను విరగ్గొట్టగల రసాయన సమూహమేదీ లేదు. పని జరిగిందంటే ఆ ఖాళీలోనే జరగాలి.

ఎలా జరిగిందో తెలియాలంటే చిన్న కూడిక చాలు. గాలియం అయాన్ ఒక్కొక్కటి మూడు ధనావేశాలు మోస్తుంది, నాలుగింటికి 12. కర్బన కడ్డీ ఒక్కొక్కటి నాలుగు ఋణావేశాలు మోస్తుంది, ఆరింటికి 24. అవీ ఇవీ పోగా పంజరం మొత్తం మీద 12 ఋణావేశాలు మిగులుతాయి. అందుకే అది ధనావేశమున్న అతిథికి పెద్దపీట వేస్తుంది. ఆర్థోఫార్మేట్‌కు ఆవేశం లేదు. అయితే దానికి నీళ్లంటే అంతగా పడదు కనుక నీటిని తప్పించుకుని పంజరంలో దూరుతుంది. అక్కడ దానికి ఒక ప్రోటాన్ దొరికితే ధనావేశం వస్తుంది, పంజరంలో హాయిగా కుదురుకుంటుంది. కానీ పీహెచ్ 11 ద్రావణంలో ప్రోటాన్లకు కరువు. ఐదు లక్షల కోట్లకు పైగా నీటి అణువులకు ఒకటి చొప్పున కూడా దొరకవు. అయినా పంజరం కలిగించే లాభం ఎంత పెద్దదంటే, లోపలున్న అణువు నీటి నుంచే ప్రోటాన్‌ను లాక్కుంటుంది. ప్రోటాన్ అంటిన ఆర్థోఫార్మేట్ విరిగిపోతుంది. బయటంతా క్షారం, లోపల మాత్రం ఆమ్లపు నడవడి.

ఇది ఊహాగానం కాదని చూపడానికి వాళ్ల దగ్గర రుజువులున్నాయి. టెట్రాఇథైల్ అమోనియం అనే ధనావేశపు అయాన్ పంజరంలో గట్టిగా కూర్చుంటుంది. దాన్ని ద్రావణంలో వేయగానే చర్య నిలిచిపోయింది. గదిలో ఇంకొకరు చేరారు, ఆర్థోఫార్మేట్‌కు చోటు లేదు. ఆర్థోఫార్మేట్‌కు ఉండే కర్బన తోకల్ని పొడిగిస్తూ పోతే, తోకలు మరీ పొడవయ్యాక చర్య జరగలేదు. గుమ్మంలో పట్టని వస్తువు లోపలికి రాదు. అదే బృందం అమీన్లతో విడిగా కొలిచి చూసింది. పంజరంలో ఉన్నప్పుడు అమీన్ ప్రోటాన్‌ను పట్టి ఉంచుకునే శక్తి పీకేఏ లెక్కలో 4.5 మెట్ల దాకా పెరుగుతోంది. ఒక్కో మెట్టు పదిరెట్లు కనుక అది 30 వేల రెట్ల పైమాట.

ఇక చివరి అడుగు. విరిగిన ముక్క ఫార్మేట్ ఎస్టర్‌గా బయటికి వస్తుంది. బయట కాచుకుని ఉన్న క్షారం దాన్ని ఫార్మేట్ అయాన్‌గా మార్చేస్తుంది. ఆ అయాన్‌ది ఋణావేశం, పంజరానిదీ ఋణావేశమే. పంజరం దాన్ని మళ్లీ గడప తొక్కనివ్వదు. గది ఖాళీ అయింది, ఇంకో ఆర్థోఫార్మేట్ వచ్చి చేరుతుంది. 890 రెట్ల వేగాన్ని అందరూ మెచ్చుకున్నారు. నన్నడిగితే ఆ ప్రయోగంలో అసలు గొప్పదనం గది ఖాళీ కావడంలో ఉంది. బోలు అణువులతో ఉత్ప్రేరణ చేయాలని చూసిన వాళ్లంతా ముప్పై ఏళ్లుగా తల బద్దలు కొట్టుకుంటున్నది ఆ ఒక్క అడుగు దగ్గరే.

ఉత్ప్రేరకం చర్య వేగాన్ని పెంచి, తాను ఖర్చు కాకుండా మిగలాలని పదో తరగతి పుస్తకంలోనే ఉంటుంది. మొదటి సగం మీద ఉన్న మోజు రెండో సగం మీద మనకు ఉండదు. మన ఒంట్లోని ఎంజైములు రెండు సగాలూ ఒకేలా పాటిస్తాయి. ఎంజైముకూ అది పనిచేసే పదార్థానికీ ఆకారం సరిపోవాలని ఎమిల్ ఫిషర్ 1894లో తాళం, తాళంచెవి పోలికతో చెప్పాడు. అర్ధ శతాబ్దం తర్వాత లైనస్ పౌలింగ్ దాన్ని సవరించాడు. ఎంజైమ్ అన్నిటికన్నా గట్టిగా పట్టుకునేది చర్యకు ముందున్న అణువునూ కాదు, తర్వాత వచ్చే అణువునూ కాదు. మారుతూ మారుతూ నడిమధ్యలో ఉన్న, క్షణం కూడా నిలవని రూపాన్ని. అందుకే ముందూ వెనకా పట్టు సడలుతుంది. ఈ ఏర్పాటు ఎంత దూరం వెళ్లగలదో రిచర్డ్ వోల్ఫెండెన్, అన్నా రాడ్జికా 1995లో లెక్కకట్టారు. డీఎన్ఏ, ఆర్ఎన్ఏల తయారీకి అవసరమైన ఒక చర్య నీటిలో తనంతట తాను జరిగితే, ఉన్న పదార్థంలో సగం మారడానికి 7.8 కోట్ల సంవత్సరాలు పడుతుంది. ఒరోటిడిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైములో అదే చర్య సెకనుకు 39 సార్లు జరుగుతుంది. ఎంజైములో ఆ పని జరిగేదంతా అణువు మడతల నడుమ ఉన్న చిన్న గుహలో.

అలాంటి గుహను ప్రొటీన్ లేకుండా తయారు చేయగలమా అన్న ఆశ నుంచి పుట్టినవే ఈ పంజరాలు. కానీ బోలుగా ఉండే అణువును మామూలు పద్ధతిలో ఒక్కో బంధం చొప్పున కడుతూ పోతే ఇరవై మెట్ల తర్వాత పాత్ర అడుగున చిటికెడు కూడా మిగలదు. దారి మార్చినవాడు జపాన్‌కు చెందిన మకోతో ఫుజితా. చిబా విశ్వవిద్యాలయంలో ఉండగా 1990లో పల్లాడియం లవణాన్నీ, రెండు చివరలా నైట్రోజన్ ఉన్న ఒక నిటారు కర్బన కడ్డీనీ నీటిలో కలిపాడు. పల్లాడియం చుట్టూ బంధాలు లంబకోణంలో ఉంటాయి. నాలుగు చోట్లలో రెండింటిని ముందే మూసేసి, పక్కపక్కనున్న రెండింటినే తెరిచి ఉంచాడు. మూలలు లంబకోణాలు, అంచులు నిటారు కడ్డీలు అయినప్పుడు తయారయ్యేది చతురస్రమే కదా. కడ్డీకి బదులు మూడు చేతులున్న త్రికోణపు పలకను తీసుకుంటే సంగతి మూడు కొలతల్లోకి వెళ్తుంది. 1995లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పంజరం అదే: ఆరు పల్లాడియం మూలలు, నాలుగు పలకలు, మొత్తం పది ముక్కలు తమంతట తామే కూడుకున్నాయి. ఆరు మూలలకు రెండేసి ఖాళీలు, మొత్తం 12. నాలుగు పలకలకు మూడేసి చేతులు, అవీ 12. ఏ చెయ్యీ గాల్లో వేలాడదు, ఏ ఖాళీ మిగలదు. ప్రకృతికి ఆ లెక్క సరిపోయేదాకా అతుకులు పడుతూ, ఊడుతూ, మళ్లీ పడుతూ ఉంటాయి. తప్పుగా పడిన అతుకు ఊడిరావడం ఇక్కడ వరం. ఇదే తర్వాత శాపమూ అవుతుంది.

రేమండ్ వచ్చిన దారి వేరు. ఆయన ఆసక్తి బాక్టీరియాలు ఇనుమును ఎలా సంపాదించుకుంటాయన్నది. ఇ.కోలై వంటివి ఎంటెరోబాక్టిన్ అనే చిన్న అణువును బయటికి వదులుతాయి. దానికి కాటెకోల్ కొక్కేలు మూడుంటాయి. ఆ మూడూ ఇనుప అయాన్‌ను చుట్టుముట్టి పట్టే పట్టును విడిపించడం మహా కష్టం. ఏళ్ల తరబడి ఈ పట్టును చదివిన మనిషి, కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీన్‌ను నడుమ పెట్టి, దాని రెండు చివరలా కాటెకోల్ కొక్కేలు తగిలిస్తే ఏమవుతుందని ఆలోచించాడు. నడుము వంగదు కాబట్టి రెండు కొక్కేలూ ఒకే అయాన్‌ను పట్టలేవు. ఒక అయాన్‌కు మూడు కొక్కేలు కావాలి. నాలుగు అయాన్లకు 12 కొక్కేలు, ఆరు కడ్డీలకు 12 చివరలు. ఇక్కడా లెక్క సరిపోయింది. ఇనుముకు బదులు గాలియం వాడడానికి కారణముంది. మూడు ధనావేశాల గాలియం అయాన్ పరిమాణంలో ఇనుప అయాన్‌లాగే ఉంటుంది గానీ దానికి ఇనుము తాలూకు అయస్కాంత గుణం లేదు. పరమాణువుల నుంచి వచ్చే సంకేతాల్ని చదివే ఎన్ఎంఆర్ యంత్రంలో చూసేటప్పుడు అడ్డురాదు. లోపల చేరిన అతిథి మీద చుట్టూ ఉన్న నాఫ్తలీన్ వలయాల ప్రభావం పడి, దాని సంకేతం తన మామూలు చోటు నుంచి పక్కకు జరిగి కనిపిస్తుంది. అతిథి లోపలుందో, బయటుందో, ఎంతమంది లోపలున్నారో రసాయనవేత్త అలా కుర్చీలో కూర్చునే లెక్కపెడతాడు.

ఫుజితా పంజరం మీద 12 ధనావేశాలు, రేమండ్ పంజరం మీద 12 ఋణావేశాలు. కాకతాళీయమే అయినా ముచ్చటగా ఉంటుంది.

ఇక్కడ ఒక తేడా చెప్పుకోవాలి. 2025 రసాయన నోబెల్ అందుకున్న సుసుము కితగావా, రిచర్డ్ రాబ్సన్, ఒమర్ యాగీల పని కూడా లోహ అయాన్లనూ కర్బన కడ్డీలనూ జోడించడమే. అయితే వాళ్లవి అంతులేకుండా అల్లుకుపోయే స్ఫటిక చట్రాలు. ఘనపదార్థాలు, కరగవు. పంజరాలు విడివిడి అణువులు. ద్రావణంలో కరిగి, ఒక్కొక్కటిగా తిరుగుతాయి. 2018లో వుల్ఫ్ బహుమతిని ఫుజితా, యాగీ పంచుకున్నారు గానీ నోబెల్ వేదిక ఎక్కింది చట్రాలే. చట్రాలు వాయువుల్ని పట్టి ఉంచుతాయి, ఎడారి గాలిలోంచి నీళ్లు తీస్తాయి, వ్యాపారంలోకి అడుగుపెట్టాయి. పంజరాలు ఆ పరీక్షకు ఇంకా కూర్చోలేదు. నా లెక్కలో తీర్పు సబబే.

ఫుజితా పంజరంలోకి వెళ్దాం. ఆంత్రసీన్ అనే అణువులో మూడు బెంజీన్ వలయాలు వరుసగా ఉంటాయి. డీల్స్-ఆల్డర్ చర్యలో ఇంకో అణువు వచ్చి అతుక్కోవలసి వస్తే నడిమి వలయానికే అతుక్కుంటుంది. చర్యాశక్తి అంతా అక్కడే ఉంది, తప్పించడం కుదరని పని అనుకునేవారు. 2006లో ఫుజితా బృందం ఆంత్రసీన్‌నూ, మాలిమైడ్ అనే జోడీనీ కలిపి పంజరంలోకి పంపింది. ఇరుకు గదిలో రెండూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు సర్దుకున్నాయి. ఆ భంగిమలో మాలిమైడ్‌కు అందేది చివరి వలయం మాత్రమే. అక్కడే అతుక్కుంది. ఆంత్రసీన్ స్వభావాన్ని ఎవరూ మార్చలేదు, అది నిలబడే తీరును మార్చారు. గది గోడలకు ఆ మాత్రం అధికారం ఉంటుందని చూపిన ఈ ఫలితం రసాయన శాస్త్రంలో ఎంచదగినది.

అయితే పుట్టిన అణువు బయటికి రాలేదు. ఒక పంజరానికి ఒక అణువు, అంతటితో సరి. కాలవలో చేపలకు వేసే మావు ఇలాగే ఉంటుంది. లోపలికి దారి ఉంటుంది, వెనక్కి ఉండదు. చేపలు పట్టేవాడికి అది లాభం, ఉత్ప్రేరకానికి అదే చావు. దీనికి కారణం ఎంట్రోపీ. స్వేచ్ఛగా తిరిగే రెండు అణువుల్ని ఒక గదిలో బంధించడం ఖరీదైన పని. ఆ రెండూ అతుక్కుని ఒక్కటయ్యాక దాన్ని ఉంచుకోవడం చవక. పైగా ఆ ఒక్కటీ గదిని సరిగ్గా నింపుతుంది. దాన్ని వెళ్లగొట్టి మళ్లీ ఇద్దరు కొత్తవాళ్లను పిలవడం పంజరానికి అన్ని విధాలా నష్టమే. రెంటిని ఒకటి చేసే చర్యలన్నిటికీ ఈ జబ్బుంది. జూలియస్ రెబెక్ 1997లో హైడ్రోజన్ బంధాలతో కూడిన గుళ్ల అణువులో ఇదే డీల్స్-ఆల్డర్ జాతి చర్యను సుమారు 200 రెట్లు వేగంగా జరిపినప్పుడు కూడా, పుట్టిన అణువు కదలనని మొండికేసింది.

ఫుజితా వెతికిన మందు తమాషాగా ఉంది. దాదాపు అలాంటి ముక్కలతోనే మూసిన గదికి బదులు తెరిచిన గిన్నె తయారు చేశాడు. గిన్నె అడుగున చదునైన పలకలుంటాయి. చదునైన ఆంత్రసీన్ వాటి మీద చక్కగా అతుక్కుని కూర్చుంటుంది. చర్య జరిగాక అణువు నడిమికి మడిచినట్టు వంగిపోతుంది. వంగినదానికి పలక మీద పట్టు దొరకదు, జారి బయటపడుతుంది. వెంటనే ఇంకో ఆంత్రసీన్ వస్తుంది. ఇది నిజమైన ఉత్ప్రేరణ. కానీ గిన్నెలో మాలిమైడ్ మామూలుగానే నడిమి వలయానికి అతుక్కుంది. మూసిన గది అరుదైన అణువును ఇచ్చింది, వదల్లేదు. తెరిచిన గిన్నె వదిలింది, అరుదైనదాన్ని ఇవ్వలేదు. ఒకే పత్రంలో పక్కపక్కనే ఉన్న ఈ రెండు ఫలితాలను చదివితే ఈ రంగం కష్టం మొత్తం అర్థమవుతుంది.

బర్క్‌లీ వాళ్లు విడుపు కోసం వేసిన ఎత్తులు ఇంకా ఉన్నాయి. 2004లో వాళ్లు ఎంచుకున్న చర్యలో రెండు ముక్కలు కలిసేది లేదు. ఒకే అణువు తనలో తాను మడతపడి బంధాలు మార్చుకుంటుంది. ఆజా-కోప్ అని దాని పేరు. మడతపడడమే అందులో కష్టమైన ఘట్టం. పంజరం లోపల చాపుకుని పడుకునే చోటు లేదు కనుక అణువు లోపలికి రావడమే మడతపడి వస్తుంది. వేగం 850 రెట్ల దాకా పెరిగింది. చర్య తర్వాత మిగిలేది కూడా ధనావేశపు అయానే. అంటే పంజరంలో తిష్ఠ వేయాలి. అయితే పంజరం దాటిన వెంటనే నీరు దాన్ని ఆవేశం లేని ఆల్డిహైడ్‌గా మార్చేస్తుంది. ఇక అది వెనక్కి వచ్చినా పంజరం పట్టించుకోదు. బయటికి పోయే దారి ఎలా ఉంటుందన్న అనుమానం అప్పట్లో ఉండేది. పంజరం ఒక అతుకు ఊడదీసి తలుపులా తెరుస్తుందా? గాలియానికి బదులు అతుకు తేలిగ్గా వదలని లోహాలు పెట్టి చూసినా అతిథులు మారే వేగంలో పెద్ద తేడా రాలేదు. అతుకులు ఊడడం లేదు, కడ్డీల మధ్య సందులే సాగి దారి ఇస్తున్నాయి.

2010లో నజరోవ్ వలయీకరణ వంతు వచ్చింది. ఇందులో గొలుసులా ఉన్న ఆల్కహాల్ నీటి అణువును వదిలి ఐదు కర్బనాల వలయంగా ముడుచుకుంటుంది. పంజరంలో దాని వేగం 21 లక్షల రెట్ల దాకా పెరిగింది. మనిషి కూర్చిన గది ఎంజైముల స్థాయి వేగాన్ని అందుకోవడం అప్పటికి సంచలనం. కానీ పుట్టిన పెంటామిథైల్ సైక్లోపెంటాడైఈన్‌కు పంజరం తెగ నచ్చింది. గదులన్నీ దానితో నిండిపోయి పని నిలిచిపోయింది. అప్పుడు ద్రావణంలో మాలిమైడ్ కలిపారు. బయట కనబడ్డ ప్రతి సైక్లోపెంటాడైఈన్‌నూ మాలిమైడ్ పట్టుకుని, పంజరంలో పట్టనంత పెద్ద అణువుగా మార్చేసింది. గదులు ఖాళీ అయ్యాయి. పనయితే జరిగింది. కానీ కావలసిన పదార్థం దక్కకుండా దాన్ని ఇంకోదానిగా మార్చుకుంటే తప్ప నడవని ఉత్ప్రేరకాన్ని ఏ ఫ్యాక్టరీ మేనేజరూ కొనడు.

ఈ చిక్కును ముందే ఊహించి, తగిన చర్యను ఎంచుకున్నవాడు బ్రిటన్‌కు చెందిన మైఖేల్ వార్డ్. ఆయన షెఫీల్డ్‌లో ఉండగా తయారైన పంజరం ఘనాకారం. ఎనిమిది మూలల్లో ఎనిమిది కోబాల్ట్ అయాన్లు, అంచుల వెంట 12 కడ్డీలు. కడ్డీలకు ఆవేశం లేదు కాబట్టి మొత్తం 16 ధనావేశాలు. 2016లో ‘నేచర్ కెమిస్ట్రీ’లో వచ్చిన పత్రంలో వాళ్లు పరీక్షించింది కెంప్ విచ్ఛేదం. బెంజైసాక్సజోల్ అనే చిన్న అణువులోంచి క్షారం ఒక ప్రోటాన్‌ను పీకితే అందులోని వలయం ఫట్‌మని విడిపోతుంది. కొత్త ఉత్ప్రేరకాల సత్తా తేల్చడానికి రసాయనవేత్తలందరూ వాడే చర్య ఇది. 2024లో నోబెల్ అందుకున్న డేవిడ్ బేకర్ బృందం కంప్యూటర్‌లో రూపొందించిన తొలి ఎంజైముల్లో కొన్ని 2008లో పరీక్షకు నిలబడింది కూడా దీని మీదే. అప్పుడు వచ్చిన వేగం లక్ష రెట్ల దాకా. వార్డ్ పంజరంలో అది రెండు లక్షల రెట్లు.

పంజరం చేసిన పని రెండు చోట్ల ఉంది. నీళ్లంటే గిట్టని బెంజైసాక్సజోల్‌ను లోపలికి పిలిచింది. తన 16 ధనావేశాలతో హైడ్రాక్సైడ్ అయాన్లను బయటి గోడల చుట్టూ గుంపుగా పోగేసింది. ద్రావణంలో క్షారం పలచగా ఉన్నా గోడ పక్కన మాత్రం చిక్కగా ఉంటుంది. లోపలి అణువుకూ బయటి హైడ్రాక్సైడ్‌కూ మధ్య ఉన్నది సందులున్న గోడే. ప్రోటాన్ పోయాక మిగిలే సైనోఫినాలేట్ ఋణావేశపు అయాన్. ధనావేశపు పంజరం దాన్ని పట్టి ఉంచాలి కదా అని అడగవచ్చు. ఈ పంజరం లోపలివాళ్లను ఎంచుకునేది ఆవేశాన్ని బట్టి కాదు, నీళ్లంటే ఉన్న విముఖతను బట్టి. సైనోఫినాలేట్‌కు నీళ్లంటే ప్రాణం. పుట్టీపుట్టగానే నీటిలోకి దూకుతుంది. ఒక్కో పంజరం వందకు తగ్గకుండా అణువుల్ని ఇలా మార్చి పంపాక కూడా వేగం తగ్గలేదు. ఎవరూ తరమనక్కర్లేదు, ఇంకో పదార్థం కలపనక్కర్లేదు. పంజరాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

వేగం రికార్డులు ఆ తర్వాత ఇంకా పైకి వెళ్లాయి. బర్క్‌లీలోనే డీన్ టోస్ట్ కూడా కలిశాక, 2015లో బంగారం, ప్లాటినం సంయోగాలను గాలియం పంజరంలోకి పంపారు. ఆ లోహాల మీద ఉన్న రెండు కర్బన సమూహాలు ఒకదానితో ఒకటి కలిసి బయటపడే ఘట్టం కోటీ తొంభై లక్షల రెట్ల దాకా వేగం పుంజుకుంది. ఇక్కడ పంజరం సొంతంగా ఉత్ప్రేరకం అనడం కన్నా, ఇంకో ఉత్ప్రేరకం చేసే పనిలో నత్తనడక నడిచే ఒక ఘట్టాన్ని తోసే సహాయకుడు అనడం సరిగా ఉంటుంది. పంజరాలకు రేపటి ఉద్యోగం ఇక్కడే దొరుకుతుందేమో అనిపిస్తుంది.

మన దేశంలో ఈ పని ఎక్కువగా బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో, పార్థసారథి ముఖర్జీ ప్రయోగశాలలో జరుగుతోంది. నీటిలో కరిగే పల్లాడియం పంజరాల్లో నోవనాగెల్, డీల్స్-ఆల్డర్ చర్యల్ని వాళ్లు నడిపించారు. సేంద్రియ ద్రావణి అక్కర్లేకుండా నీటిలోనే పని జరగడం ఇందులో ఆకర్షణ. ఫుజితాతో కలిసి పనిచేసిన దిలీప్ కుమార్ చంద్ మద్రాస్ ఐఐటీలో పల్లాడియం పంజరాల కూర్పును లోతుగా పరిశీలిస్తున్నారు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల పరిశ్రమకు పల్లాడియం కొత్త కాదు. కర్బన బంధాలు అతికించడానికీ, హైడ్రోజన్ ఎక్కించడానికీ అది టన్నుల లెక్కన పదార్థాన్ని నడిపిస్తూనే ఉంది. పంజరాలు ఎప్పటికైనా బయటి లోకంలోకి రావాలంటే అలాంటి చోట ఒప్పించి రావాలి.

అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న బరువు. నూటికి ఒక అణువు అంటే వినడానికి చిన్న మోతాదే. కానీ పొటాషియం లవణంగా తూచితే గాలియం పంజరం అణుభారం సుమారు 3,300. ట్రైఇథైల్ ఆర్థోఫార్మేట్ అణుభారం 148. కాబట్టి 148 గ్రాముల సరుకుకు 33 గ్రాముల పంజరం కావాలి. వంట కన్నా ఉప్పు ఖర్చు ఎక్కువయ్యే వ్యవహారం. ఒక్కో పంజరం వంద అణువులకు బదులు లక్ష అణువుల్ని మార్చి పంపగలిగితే ఈ లెక్క మారుతుంది. మన రక్తకణాల్లోని కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ సెకనుకు పది లక్షల అణువుల్ని మారుస్తుంది.

రెండో ప్రశ్న మన్నిక. తమంతట తాము కూడుకునే వరం ఇక్కడ శాపమవుతుంది. ఊడి మళ్లీ అతుక్కోగల బంధాలు కాబట్టే పంజరం తప్పుల్లేకుండా కూడింది. అదే కారణంగా అమీన్లు, ఫాస్ఫీన్లు, హాలైడ్ అయాన్లు ఎక్కువగా ఉన్న చోట పల్లాడియం పంజరం విచ్చుకుపోతుంది. మందుల తయారీలో అమీన్లు లేని చోటు వెతుక్కోవాలి. విచ్చుకున్న పంజరంలోని లోహం మందులో చేరకూడదు. నోటి ద్వారా తీసుకునే మందులతో రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి పల్లాడియం ఒంట్లోకి వెళ్లకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే పంజరం పనిచేయడమే కాదు, పని అయ్యాక చెదరకుండా వడకట్టుకోవడానికీ వీలుగా ఉండాలి.

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వచ్చేదాకా పంజరాలు ప్రయోగశాలల సొత్తే. అలాగని వాటి విలువ తక్కువని కాదు. క్షారంలో ఆమ్లపు చర్య జరిపించవచ్చని, ఆంత్రసీన్ చివరి వలయాన్ని కదిలించవచ్చని అవి చూపాయి. ఈ రంగం గురించి పత్రికల్లో వార్తలు వస్తూనే ఉంటాయి, వాటిలో లక్షల రెట్లు, కోట్ల రెట్లు అన్న సంఖ్యలే పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. అలాంటిది కంటపడినప్పుడు, ఒక్కో పంజరం ఎన్ని అణువుల్ని మార్చి బయటికి పంపిందో కూడా రాశారేమో చూడండి. ఆ అంకె లేకపోతే, ఎంత వేగమైనా, అది ఇంకా ఉత్ప్రేరకం కాలేదన్నమాట.